తాళంచెవి ఎవరిది: 2008 నాటి పేసర్ డౌన్‌లోడ్‌పై కేస్ స్టడీ

2008 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ కోర్టుల రికార్డుల నుంచి మూడు వారాలైనా నిండకుండానే దాదాపు 2 కోట్ల పేజీలు బయటికి వెళ్లాయి. వాటిని దించుకున్న ప్రోగ్రామర్ ఆరన్ స్వార్ట్జ్‌కు అప్పటికి 21 ఏళ్లు. ఎఫ్‌బీఐ విచారణ మొదలుపెట్టి, 2009 ఏప్రిల్‌లో ఫైలు మూసేసింది. అభియోగం ఏదీ మోపలేదు. కోర్టు రికార్డులను పెద్ద ఎత్తున సేకరించే సంస్థలకూ పరిశోధకులకూ సలహా చెప్పడం నా వృత్తిలో భాగం కనుక ఈ ఉదంతం తరచుగా నా ముందుకు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఒకే రూపంలో వస్తుంది: "ఆయన్ను ఏమీ చేయలేకపోయారు కదా, అంటే చట్టబద్ధమే కదా?"

కేసు పెట్టకపోవడాన్ని తీర్పుగా చదువుకోవడం ఇక్కడ మొదటి పొరపాటు. ప్రాసిక్యూటర్ ఒక ఫైలును పక్కన పెట్టడానికి సాక్ష్యం చాలకపోవడం నుంచి తీరిక లేకపోవడం దాకా ఎన్నో కారణాలుంటాయి, వాటిలో వేటికీ పూర్వోదాహరణ విలువ లేదు. రెండో పొరపాటు ఇంకా లోతైనది. "రికార్డు బహిరంగమైనదా" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే చాలు, మిగిలినవన్నీ తేలిపోతాయని అనుకోవడం. ఈ కేసులో ఆ ప్రశ్నపై ఎవరికీ వివాదమే లేదు. ఆ కాగితాలు బహిరంగమైనవేనని కోర్టులూ ఒప్పుకుంటాయి, ఎఫ్‌బీఐ కూడా కాదనలేదు. వివాదమంతా ఆ కాగితాల దగ్గరికి ఏ తలుపు గుండా, ఎవరి తాళంచెవితో వెళ్లారన్న దాని మీదే.

పేసర్ ఎలా పనిచేస్తుంది

పేసర్ అనేది ఫెడరల్ కోర్టుల రికార్డులను ప్రజలకు ఎలక్ట్రానిక్ రూపంలో అందించే వ్యవస్థ. దానిని అమెరికా కోర్టుల పరిపాలనా కార్యాలయం నడుపుతుంది. ఎవరైనా ఖాతా తెరవవచ్చు. ఎందుకు కావాలని అడగరు, కేసుతో సంబంధం చూపించనక్కర లేదు. అడిగేది రుసుము మాత్రమే. 2008లో పేజీకి 8 సెంట్లు ఉండేది, 2012 ఏప్రిల్ నుంచి 10 సెంట్లు అయింది. ఒక పత్రానికి 30 పేజీలకు మించి లెక్కించరు, కాబట్టి 200 పేజీల పిటిషన్ అయినా నేటి ధరలో 3 డాలర్లే. మూడు నెలల కాలంలో బిల్లు 30 డాలర్లు దాటకపోతే ఇప్పుడు అసలు వసూలు చేయరు.

వాడని వారికి ఈ రుసుము చిల్లర లెక్కగా కనిపిస్తుంది. రోజూ వాడేవారికి అది ఎలా పేరుకుంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక కేసు డాకెట్ తెరిస్తే, అంటే ఆ కేసులో ఏ తేదీన ఏది దాఖలైందో చూపే జాబితా తెరిస్తే, పేజీ చివర చిన్న గళ్ల పెట్టెలో రసీదు వస్తుంది. అందులో తేదీ, సమయం, లాగిన్ పేరు, వెతికిన కేసు నంబరు, బిల్లు కట్టే పేజీల సంఖ్య, ధర ఉంటాయి. తెర మీద పేజీలు ఉండవు కనుక 4,320 బైట్లను ఒక పేజీగా లెక్క కడతారు. ఒక పేరు కోసం వెతికి ఏమీ దొరకకపోయినా ఒక పేజీ రుసుము పడుతుంది. వృత్తిలోకి వచ్చిన కొత్తలో సర్వసాధారణమైన ఒక ఇంటిపేరును దేశమంతటా వెతకమని నొక్కి, పేజీల కొద్దీ వచ్చిన జాబితాకు నేనే బిల్లు కట్టాను. ఆ జాబితాలో నాకు కావలసిన మనిషి లేడు.

రుసుముకు చట్టపరమైన ఆధారం ఉంది, పరిమితి కూడా ఉంది. 2002 నాటి ఈ-గవర్నమెంట్ చట్టం అంతకుముందున్న "వసూలు చేయాలి" అన్న మాటను తీసి, "అవసరమైన మేరకు మాత్రమే వసూలు చేయవచ్చు" అని మార్చింది. అదే చట్టం తర్వాత తీర్పులు పేసర్‌లో ఉచితమయ్యాయి. అయితే అది తీర్పు అని న్యాయమూర్తి గుర్తు పెట్టి దాఖలు చేస్తేనే ఉచితం వర్తిస్తుంది, మరచిపోతే మామూలు పత్రంలాగే రుసుము పడుతుంది.

జరిగినది

2007 చివర్లో ప్రభుత్వ ముద్రణాలయమూ కోర్టుల పరిపాలనా కార్యాలయమూ కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. దేశంలోని 17 గ్రంథాలయాలలో, అక్కడికి వచ్చే పాఠకులకు, పేసర్‌ను ఉచితంగా ఇచ్చాయి. ప్రభుత్వ పత్రాలను ప్రజలకు ఉచితంగా అందుబాటులో ఉంచే పబ్లిక్.రిసోర్స్.ఆర్గ్ స్థాపకుడు కార్ల్ మలముడ్ దీనిని అవకాశంగా చూశారు. పాఠకులు పెన్‌డ్రైవ్‌లు తీసుకుని ఆ గ్రంథాలయాలకు వెళ్లి, దించుకున్నవన్నీ తనకు పంపమని బహిరంగంగానే పిలుపునిచ్చారు. పెన్‌డ్రైవ్‌తో వెళ్లి కూర్చునే మనిషి రోజుకు ఎన్ని పత్రాలు దించుకోగలడో ఊహించడం కష్టం కాదు. స్వార్ట్జ్ ఆ పనిని ప్రోగ్రామ్‌కు అప్పగించారు. అది కేసు నంబర్లను ఒకదాని తర్వాత ఒకటిగా అడుగుతూ, వచ్చిన పత్రాలను దాచుకుంటూ పోయింది.

సమాచార హక్కు చట్టం కింద స్వార్ట్జ్ తన సొంత ఎఫ్‌బీఐ ఫైలును తెప్పించుకుని బయటపెట్టారు కాబట్టి ప్రభుత్వం ఈ వ్యవహారాన్ని ఎలా చూసిందో మనకు దాని మాటల్లోనే తెలుసు. 2008 సెప్టెంబరు 4 నుంచి 22 దాకా, ప్రయోగంలో ఉన్న రెండు గ్రంథాలయాల (వాటిలో ఒకటి కాలిఫోర్నియాలోని శాక్రమెంటోది) లాగిన్ వివరాలతో, గ్రంథాలయం వెలుపలి కంప్యూటర్ల నుంచి పేసర్‌ను తెరిచారనీ, సమాచారం అమెజాన్‌కు చెందిన కంప్యూటర్లకు చేరిందనీ, 1 కోటి 80 లక్షలకు పైగా పేజీలు వెళ్లాయనీ, వాటి విలువ సుమారు 15 లక్షల డాలర్లనీ అందులో ఉంది. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఇచ్చిన లెక్క 1,98,56,160 పేజీలు. ఈ రెండు సంఖ్యల మధ్య తేడా చట్టపరంగా దేనినీ మార్చదు కనుక దాని మీద ఆగను. సెప్టెంబరు ముగిసేలోగా ప్రయోగాన్ని ఆపేశారు. ఆ తర్వాత ఏజెంట్లు స్వార్ట్జ్ సోషల్ మీడియా పేజీలు చూశారు, ఇల్లినాయ్‌లోని ఇంటి ముందు నుంచి కారులో వెళ్లి చూసి వచ్చారు, ఏప్రిల్‌లో ఫోను చేశారు. ఆయన లాయరు ద్వారా మాట్లాడతానన్నారు. కొద్ది రోజుల్లోనే ఫైలు మూతపడింది.

ఒక్క విషయం ఇక్కడే విడదీసి చెప్పాలి. 2011లో స్వార్ట్జ్‌పై మోపిన నేరారోపణ జేస్టోర్ అనే పరిశోధనా వ్యాసాల భాండాగారానికి, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నెట్‌వర్క్‌కు సంబంధించినది. ఆ కేసు నడుస్తుండగానే, 2013 జనవరిలో, 26 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. అందులోనివి కోర్టు రికార్డులు కావు, వాటిలో చాలా వాటికి కాపీరైట్ ఉంది. రెండింటినీ కలిపి చెప్పేవారు "కోర్టు రికార్డులు దించుకున్నందుకు జైలు శిక్ష పడబోయింది" అంటారు. అది జరగలేదు.

కాగితం ఎవరిది

ఈ భాగం తేలికైనది. కోర్టు తీర్పుల మీద ఎవరికీ కాపీరైట్ లేదని అమెరికా సుప్రీంకోర్టు 1834లోనే, వీటన్ వర్సెస్ పీటర్స్ కేసులో చెప్పింది. రాష్ట్ర న్యాయమూర్తుల తీర్పులకు కూడా అదే వర్తిస్తుందని 1888లో బ్యాంక్స్ వర్సెస్ మాంచెస్టర్‌లో చెప్పింది. 2020లో మలముడ్ సంస్థే కక్షిదారుగా ఉన్న జార్జియా కేసులో 5-4 మెజారిటీతో ఆ సూత్రాన్ని శాసనసభ తరఫున తయారైన వ్యాఖ్యలకూ విస్తరించింది. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు విధి నిర్వహణలో రాసిన దేనికీ కాపీరైట్ లేదని కాపీరైట్ చట్టం 105వ సెక్షనే అంటుంది.

అయితే పేసర్‌లో ఉన్నవన్నీ తీర్పులు కావు. పరిమాణంలో ఎక్కువ భాగం న్యాయవాదులు దాఖలు చేసిన పత్రాలు, జత చేసిన ఒప్పందాలు, ఈమెయిళ్లు, నిపుణుల నివేదికలు. ఒక న్యాయవాది రాసిన వాదన పత్రం అతని రచనే. దానిని కోర్టులో దాఖలు చేసినంత మాత్రాన కాపీరైట్ ఆవిరైపోదు. 2014లో న్యూయార్క్ ఫెడరల్ జిల్లా కోర్టు వైట్ వర్సెస్ వెస్ట్ పబ్లిషింగ్ కేసులో, అలాంటి పత్రాలను న్యాయ డేటాబేస్‌లో చేర్చి వెతకడానికి వీలు కల్పించడం సమంజసమైన వినియోగం కిందికి వస్తుందని చెప్పింది. అంటే ఉల్లంఘన లేదని తేలింది గాని హక్కే లేదని తేలలేదు. మూకుమ్మడిగా దించుకుని వెతికే వీలున్న భాండాగారం కట్టేవారికి ఈ తీర్పు అండగా నిలుస్తుంది. మరొకరి వాదన పత్రాన్ని మక్కికి మక్కి దించి తన పేరుతో దాఖలు చేసుకునేవారికి నిలవదు.

చూసే హక్కు, నకలు తీసుకునే హక్కు కూడా పాతవే. 1978లో నిక్సన్ వర్సెస్ వార్నర్ కమ్యూనికేషన్స్‌లో సుప్రీంకోర్టు ఈ సామాన్య న్యాయ హక్కును గుర్తించింది, అదే తీర్పులో అది నిరపేక్షమైనది కాదని చెప్పి మాజీ అధ్యక్షుడు నిక్సన్ సంభాషణల టేపుల నకళ్లు ఇవ్వడానికి నిరాకరించింది. ఈ కేసును నా కక్షిదారులకు చెప్పేటప్పుడు రెండో సగాన్ని కావాలనే ముందు చెబుతాను, ఎందుకంటే మొదటి సగాన్ని వాళ్లు ఎలాగూ చదువుకునే వస్తారు. రికార్డును చూసే హక్కు ఉండటానికీ, అది ఉన్న కంప్యూటర్‌లోకి నచ్చిన పద్ధతిలో ప్రవేశించే హక్కు ఉండటానికీ మధ్య ఉన్న దూరమే ఈ కేసు.

తలుపు

అనుమతి లేని ప్రవేశాన్ని నేరం చేసే ఫెడరల్ చట్టం 1986 నాటి కంప్యూటర్ ఫ్రాడ్ అండ్ అబ్యూజ్ యాక్ట్. "అనుమతి లేకుండా" కంప్యూటర్‌లోకి ప్రవేశించి, లేదా "ఇచ్చిన అనుమతిని మించి" సమాచారం తీసుకోవడం దాని ప్రకారం నేరం. సమాచారం విలువ 5,000 డాలర్లు దాటితే అది చిన్న నేరం స్థాయి నుంచి పెద్ద నేరం స్థాయికి వెళ్తుంది. ఎఫ్‌బీఐ ఫైలులోని 15 లక్షల డాలర్ల అంకె ఎందుకు ముఖ్యమో ఇక్కడ అర్థమవుతుంది.

2008లో ఈ చట్టం ఎంత దూరం వెళ్తుందో ఎవరికీ స్పష్టంగా తెలియదు. స్వార్ట్జ్ ప్రోగ్రామ్ నడిచిన కొన్ని వారాలకే, అదే కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టులో మైస్పేస్ సేవా నిబంధనల ఉల్లంఘననే ఈ చట్టం కింద నేరంగా చూపిన ప్రాసిక్యూషన్‌కు జ్యూరీ చిన్న నేరం కింద దోష నిర్ధారణ ఇచ్చింది. మరుసటి ఏడు న్యాయమూర్తి దానిని కొట్టేశారు. కాబట్టి ఆ శరదృతువులో ఒక ప్రాసిక్యూటర్ "గ్రంథాలయంలో కూర్చుని వాడుకోమని ఇచ్చిన లాగిన్‌ను బయట వాడారు, ఇది అనుమతిని మించడమే" అని వాదించి ఉంటే ఎవరూ నవ్వేవారు కాదు.

ఇదే సంఘటన నేడు జరిగితే? 2021 జూన్ 3న సుప్రీంకోర్టు వాన్ బ్యూరెన్ కేసులో 6-3 మెజారిటీతో ఈ చట్టాన్ని కుదించింది. వాహన నంబర్ల డేటాబేస్ చూసే అధికారం ఉన్న ఒక పోలీసు ఉద్యోగి డబ్బు కోసం ఒక నంబరు చూశాడు. ఉద్దేశం తప్పే అయినా, ఆ డేటాబేస్ అతనికి తెరిచే ఉంది కనుక "అనుమతిని మించడం" కాదని కోర్టు చెప్పింది. గేటు తెరిచి ఉందా, మూసి ఉందా అన్నదే ప్రశ్న, లోపలికి వెళ్లాక ఎందుకు చూశావన్నది కాదు. అయితే ఆ గేటు అంటే సాంకేతికంగా కట్టిన గేటేనా, లేక నిబంధనల కాగితంలో రాసిన గేటు కూడా లెక్కకు వస్తుందా అన్నదాన్ని 8వ పాదసూచికలో కోర్టు తేల్చకుండా వదిలేసింది. పేరున్న తీర్పులో పాదసూచికను చదవని న్యాయవాది ఇచ్చే సలహా ఎంత ప్రమాదకరమో చెప్పడానికి నేను ఈ పాదసూచికనే చూపిస్తాను.

వాన్ బ్యూరెన్ తర్క ప్రకారం చూస్తే, సొంత పేసర్ ఖాతాతో, రుసుము కట్టి, ప్రోగ్రామ్ ద్వారా లక్ష పత్రాలు దించుకున్నవాడిపై ఈ నేరం మోపడం బాగా కష్టం. అతనికి గేటు తెరిచే ఉంది. స్వార్ట్జ్ పరిస్థితి అంత సూటిగా లేదు, ఎందుకంటే తాళంచెవి ఆయనది కాదు, గ్రంథాలయానిది. మరొకరికి ఇచ్చిన లాగిన్‌తో ప్రవేశించడం గురించి తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2016లో, నోసల్ వ్యవహారం రెండోసారి వచ్చినప్పుడు, కఠినంగా మాట్లాడింది. కంపెనీ తమ అనుమతిని రద్దు చేశాక, అక్కడే పనిచేస్తున్న ఉద్యోగి పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లిన మాజీ ఉద్యోగులది అనుమతి లేని ప్రవేశమేనని చెప్పింది. శాక్రమెంటో ఆ సర్క్యూట్ పరిధిలోదే. నా అభిప్రాయంలో స్వార్ట్జ్ న్యాయవాదికి దొరికే తేడా ఒకటుంది, అది బలమైనదే: నోసల్ కేసులో యజమాని ఆ వ్యక్తుల అనుమతిని పేరు పెట్టి రద్దు చేశాడు, గ్రంథాలయ ప్రయోగంలో ఆ లాగిన్ వచ్చిన ప్రతి పాఠకుడి కోసమూ పెట్టినదే. పాఠకుడు లేచి వెళ్లాక ఆ అనుమతి కుర్చీ దగ్గరే ఉండిపోతుందా, అతనితో వెళ్తుందా అన్నది ప్రశ్న. నేను వాదించవలసి వస్తే వెళ్తుందనే వాదిస్తాను, గెలుస్తానని మాత్రం కక్షిదారుకు హామీ ఇవ్వను.

లాగిన్ అసలే లేని చోట లెక్క వేరు. లింక్డ్‌ఇన్ పేజీల నుంచి సమాచారం సేకరించే హైక్యూ కంపెనీ వేసిన హైక్యూ వర్సెస్ లింక్డ్‌ఇన్ కేసులో, 2022 ఏప్రిల్‌లో అదే సర్క్యూట్, పాస్‌వర్డ్ అడగకుండా ఎవరికైనా కనిపించే పేజీల విషయంలో "అనుమతి లేకుండా" అన్న మాటకే బహుశా చోటు లేదని చెప్పింది. ఆ తీర్పును తలకెత్తుకున్న చాలామంది దాని ముగింపు చెప్పరు: అదే ఏడాది నవంబరులో జిల్లా కోర్టు లింక్డ్‌ఇన్ సేవా నిబంధనల ఒప్పందాన్ని హైక్యూ ఉల్లంఘించిందని తేల్చింది, చివరికి 5 లక్షల డాలర్లకు హైక్యూకు వ్యతిరేకంగా డిక్రీ వచ్చింది. నేరం కానిది ఒప్పంద భంగం కావచ్చు. పేసర్ నేటి నిబంధనల్లో, బిల్లును తప్పించుకునే పద్ధతిలో సమాచారం సేకరించడం నిషిద్ధమనీ, దానికి నేరవిచారణ గాని సివిల్ చర్య గాని ఎదురు కావచ్చనీ స్పష్టంగా రాసి ఉంది. ఖాతా తెరిచిన ప్రతివారూ ఆ నిబంధనలకు ఒప్పుకున్నట్టే.

15 లక్షల డాలర్ల అంకె

ఈ అంకెను జాగ్రత్తగా చూడాలి. 1 కోటి 80 లక్షల పేజీలను 8 సెంట్లతో గుణిస్తే 14 లక్షల 40 వేల డాలర్లు వస్తుంది, అంటే సుమారు 15 లక్షలు. ఇది గుణకారం ద్వారా వచ్చిన అంకె అయితే, అందులో 30 పేజీల పరిమితి లేదు, ఉచితమైన తీర్పుల మినహాయింపు లేదు. వాటిని తీసేస్తే ఒక మామూలు ఖాతాదారుకు వచ్చే బిల్లు ఇంతకన్నా తక్కువే ఉంటుంది. పైగా ఆ ప్రయోగం ఉద్దేశమే రుసుము తీసుకోకుండా ఇవ్వడం. ఉచితంగా ఇస్తానని ప్రకటించిన దానిని ఎక్కువ తీసుకున్నందుకు దాని అమ్మకం ధరను నష్టంగా చూపడం ఎంతవరకు చెల్లుతుందో నాకు అనుమానమే. కోర్టుల దగ్గర ఉన్న రికార్డు ఒక్కటి కూడా తగ్గలేదు.

ఈ రుసుముకే తర్వాత ఎదురైనది చూస్తే ఆ అంకె ఇంకా పలచబడుతుంది. 2009 ఫిబ్రవరిలో సెనేటర్ జో లీబర్‌మన్, కోర్టులు 2002 చట్టం చెప్పిన మేరకే వసూలు చేస్తున్నాయా అని న్యాయవ్యవస్థకు లేఖ రాశారు. 2016లో మాజీ సైనికులకు న్యాయసహాయం చేసే ఒక జాతీయ సంస్థ, మరి కొన్ని లాభాపేక్ష లేని సంస్థలతో కలిసి, రుసుము అధికంగా తీసుకుంటున్నారని సామూహిక దావా వేసింది. పేసర్ డబ్బును కోర్టు గదుల సాంకేతిక పరికరాల వంటి, ప్రజలకు రికార్డు చూపించడంతో సంబంధం లేని ఖర్చులకు కొంత వాడారని 2018లో జిల్లా కోర్టు, 2020 ఆగస్టులో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పాయి. 2024లో 12 కోట్ల 50 లక్షల డాలర్ల రాజీని కోర్టు ఆమోదించింది. దీనివల్ల స్వార్ట్జ్ చేసినది వెనక్కి వెళ్లి చట్టబద్ధమైపోదు. రుసుము ఎక్కువైతే దావా వేసే దారి ఉందని, ఆ దారిన వెళ్లినవారు గెలిచారని మాత్రం అది చూపిస్తుంది.

లోపలున్న పేర్లు

కాపీరైట్, ప్రవేశం రెండూ సవ్యంగా ఉన్నా మిగిలే ప్రశ్న ఒకటుంది. మలముడ్ తనకు అందిన పత్రాలను పరిశీలింపజేసినప్పుడు వాటిలో ముసుగు వేయని సోషల్ సెక్యూరిటీ నంబర్లు బయటపడ్డాయి. ఆయన పలు జిల్లా కోర్టుల ప్రధాన న్యాయమూర్తులకు ఆ వివరాలు రాశారు. 2007 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమం 5.2 ప్రకారం దాఖలు చేసేవారే సోషల్ సెక్యూరిటీ నంబరులో, బ్యాంకు ఖాతాలో చివరి నాలుగంకెలు మాత్రమే ఉంచాలి, పుట్టిన తేదీలో సంవత్సరం మాత్రమే, మైనర్ల పేర్లలో పొడి అక్షరాలే ఉంచాలి. బాధ్యత దాఖలు చేసేవారిది. కోర్టు గుమాస్తా ప్రతి పత్రాన్నీ చదివి సరిచూడడు. అంతకుముందు దాఖలైనవి ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

బహిరంగ రికార్డులో ఉన్న పేరును ప్రచురించినందుకు శిక్షించకూడదని 1975లో కాక్స్ బ్రాడ్‌కాస్టింగ్ కేసు చెప్పింది. 1989లో రిపోర్టర్స్ కమిటీ కేసులో అదే సుప్రీంకోర్టు, వేర్వేరు కోర్టుల్లో చెల్లాచెదురుగా ఉన్న కాగితాలకూ, వాటిని ఒక్కచోట చేర్చిన సారాంశానికీ తేడా ఉందని, ఆ చెదిరిపోయి ఉండటమే మనిషికి ఒక రకమైన మరుగు కల్పిస్తుందని గుర్తించింది. ఆ కేసు సమాచార హక్కు చట్టం కిందిది, కోర్టు రికార్డులను దించుకునేవారిపై నేరుగా వర్తించదు. అయినా 2 కోట్ల పేజీలను ఒకే డిస్కులో పెట్టి వెతుకుడు పెట్టె తగిలించేవారు చేసేది సరిగ్గా ఆ మరుగును తొలగించడమే. ఈ విషయంలో స్వార్ట్జ్‌ది కన్నా మలముడ్ ప్రవర్తన నాకు ఎక్కువ ఆదర్శంగా కనిపిస్తుంది: ముందు పరిశీలించారు, తప్పులు దొరికితే కోర్టులకు చెప్పారు.

తర్వాత వచ్చిన దారి, నా దగ్గరికి వచ్చిన ఫైలు

2009 ఆగస్టులో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రీక్యాప్ అనే బ్రౌజర్ అనుబంధాన్ని విడుదల చేశారు. పేసర్ అక్షరాలను వెనక నుంచి చదివితే వచ్చే పేరది. ఒకరు రుసుము కట్టి ఒక పత్రం తెరవగానే దాని నకలు ఉచిత భాండాగారానికి చేరుతుంది. తర్వాత అదే పత్రం కావలసినవారికి డబ్బు లేకుండా దొరుకుతుంది. నేడు దానిని ఫ్రీ లా ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. స్వార్ట్జ్ చేసిన పనికీ దీనికీ ఫలితంలో తేడా తక్కువ, దారిలో చాలా ఉంది. ఇక్కడ ప్రతి పత్రానికీ ఎవరో ఒకరు సొంత ఖాతాతో, సొంత డబ్బుతో ఒకసారి కొన్నారు. కొన్న బహిరంగ పత్రాన్ని మరొకరికి ఇవ్వకూడదనే ఆంక్ష మామూలు ఖాతాదారుపై లేదు.

మామూలు ఖాతాదారు అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. పరిశోధకులు, పేదలు, కొన్ని ధర్మసంస్థలు కోర్టును అడిగి రుసుము మినహాయింపు పొందవచ్చు. రుసుముల పట్టికలోనే ఒక షరతుంది: మినహాయింపుతో తీసుకున్న సమాచారాన్ని, కోర్టు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, ఇతరులకు బదిలీ చేయకూడదు. ఒక విశ్వవిద్యాలయ బృందం నా దగ్గరికి వచ్చినప్పుడు వారి సమస్య సరిగ్గా ఇదే. మినహాయింపు ఉత్తర్వు తీసుకుని, నిజాయితీగా, కొన్ని వేల పత్రాలు దించుకున్నారు. వ్యాసం అచ్చుకు వెళ్లే ముందు పత్రిక వాళ్లు ఆధార పత్రాలను అందరికీ అందుబాటులో పెట్టమన్నారు. బృందంలో చురుకైన ఒక విద్యార్థి రీక్యాప్‌ను కంప్యూటర్‌లో పెట్టుకుని, మినహాయింపు ఖాతాతోనే కొన్ని పత్రాలు తెరిచాడు. అవి అప్పటికే బయటికి వెళ్లిపోయాయి.

ఉత్తర్వు నకలును బల్ల మీద పరచి, షరతు ఉన్న వాక్యం కింద వేలు పెట్టి చూపించాను. విద్యార్థి దానిని రెండుసార్లు చదివి, "కానీ ఇది బహిరంగ రికార్డే కదా" అన్నాడు. అవునన్నాను. బయటికి వెళ్లినవాటిని తొలగించమని భాండాగారానికి రాశాం, జరిగినది వివరిస్తూ కోర్టుకు లేఖ పెట్టాం, బదిలీకి అనుమతి కోరుతూ దరఖాస్తు చేశాం. తీర్పులు ఎవరికైనా ఉచితమే కనుక వాటిని మామూలు ఖాతా నుంచి మళ్లీ తీసి పక్కన పెట్టుకున్నాం. మిగిలినవాటిలో వ్యాసానికి తప్పనిసరిగా కావలసినవి 140 పత్రాలని తేలింది. అనుమతి ఎప్పుడు వస్తుందో తెలియదు, అచ్చు గడువు దగ్గరపడింది. బృందం పేరుతో కొత్త ఖాతా తెరిచి, మినహాయింపు లేకుండా, ఒక్కొక్కటిగా కొన్నాం.

మొదటి పత్రం దిగాక విద్యార్థి కొత్త పీడీఎఫ్‌నూ పాత పీడీఎఫ్‌నూ తెర మీద పక్కపక్కన తెరిచాడు. పైన నీలి అక్షరాలలో అదే కేసు నంబరు, అదే దాఖలు తేదీ, అవే 46 పేజీలు. అక్షరం తేడా లేదు. కొత్తదానిని వేరే ఫోల్డర్‌లోకి మార్చాడు, 3 డాలర్ల రసీదును దానితో పాటు దాచమన్నాను.